కె. శేషాద్రి అయ్యర్

సర్ కుమారపురం శేషాద్రి అయ్యర్ (జూన్ 1, 1845 - సెప్టెంబరు 13, 1901) మైసూరు సంస్థానానికి 1883 నుండి 1901 వరకు దివానుగా పనిచేసిన పరిపాలకుడు. మైసూరు దివానులలో అత్యధిక కాలం పదవిలో ఉన్నవాడు ఈయనే. కావేరి నదిపై శివనసముద్రం వద్ద జలవిద్యుత్ కేంద్రాన్ని నిర్మించి, అక్కడి విద్యుత్తును సుమారు 147 కిలోమీటర్ల దూరాన ఉన్న కోలారు బంగారు గనులకు చేర్చే పథకం ఈయన హయాంలోనే రూపుదిద్దుకుంది. నేటి కర్ణాటక రాష్ట్ర విద్యుదుత్పత్తి చరిత్ర ఈ పథకంతోనే మొదలవుతుంది. అయితే కేంద్రం పని ప్రారంభించడానికి సుమారు తొమ్మిది నెలల ముందే శేషాద్రి అయ్యర్ మరణించాడు.

బాల్యం, విద్య

శేషాద్రి అయ్యర్ అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని మలబారు జిల్లా, పాలఘాట్ సమీపాన గల కుమారపురంలో ఒక తమిళ బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. తండ్రి అనంతనారాయణ అయ్యర్ వకీలు. శేషాద్రి అయ్యర్ కాలికట్టులో చదువుకొని, ఆ తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి 1868లో బి.ఏ. పట్టా పొందాడు. ఉద్యోగంలో ఉండగానే న్యాయశాస్త్రం చదివి 1874లో బి.ఎల్. పట్టా కూడా సంపాదించాడు.

మైసూరు కొలువులో

1831 నుండి మైసూరు సంస్థానం బ్రిటిషు కమీషనర్ల పాలనలో ఉండేది. మలబారులో కొద్దికాలం అనువాదకుడిగా పనిచేసిన శేషాద్రి అయ్యర్ 1868లో మైసూరు కొలువులో చేరాడు. అప్పటికే అక్కడ ఉన్నత పదవిలో ఉన్న సి. రంగాచార్లు ఇతని ప్రతిభను గుర్తించి ప్రోత్సహించాడు. ఆ తరువాత శేషాద్రి అయ్యర్ మైసూరు జిల్లా డిప్యూటీ కమీషనరుగాను, తుముకూరులో జిల్లా, సెషన్సు న్యాయమూర్తిగాను పనిచేసి, న్యాయ, రెవిన్యూ శాఖలు రెండింటిలోనూ అనుభవం గడించాడు.

1881లో సంస్థానాన్ని తిరిగి ఒడయారు వంశానికి అప్పగించినపుడు చామరాజేంద్ర ఒడయారు మహారాజు కాగా, రంగాచార్లు దివాను అయ్యాడు. 1883 జనవరిలో రంగాచార్లు మరణించడంతో, అదే సంవత్సరం ఫిబ్రవరిలో 37 ఏళ్ళ శేషాద్రి అయ్యర్ దివాను పదవి చేపట్టాడు.

దివానుగా

శేషాద్రి అయ్యర్ బాధ్యతలు స్వీకరించేనాటికి 1876-78 నాటి ఘోర క్షామం సంస్థానాన్ని కుంగదీసి ఉంది. ఆ క్షామంలో లక్షలాది ప్రజలు మరణించారు. ఖజానాపై పెద్ద మొత్తంలో అప్పు మిగిలింది. దానికి తోడు బ్రిటిషు ప్రభుత్వానికి ఏటా భారీగా కప్పం చెల్లించవలసి వచ్చేది. కాబట్టి కొత్త పన్నులు వేయకుండా ఆదాయం పెంచడం, తిరిగి క్షామం వచ్చినా తట్టుకొనేలా రైలు మార్గాలు, నీటి వనరులు సమకూర్చడం ఈయన పాలనలో ప్రధాన లక్ష్యాలయ్యాయి.

చిత్రదుర్గ జిల్లాలో వేదవతి నదిపై మారికణివె వద్ద నిర్మించిన వాణీవిలాస సాగరం ఈయన కాలంలో మొదలై 1907లో పూర్తయింది. ఇదే నది దిగువన హగరి పేరుతో అనంతపురం ప్రాంతంలోకి ప్రవేశిస్తుంది. బెంగుళూరు నగరానికి అర్కావతి నదిపై ఉన్న హెసరఘట్ట నుండి తాగునీరు తెచ్చే పథకాన్ని 1894లో చేపట్టారు. 1898లో బెంగుళూరులో ప్లేగు వ్యాపించిన తరువాత నగరంలో విశాలమైన కొత్త పేటల నిర్మాణం ఊపందుకుంది.

పరిపాలనలోనూ పలు మార్పులు జరిగాయి. రంగాచార్లు నెలకొల్పిన ప్రజా ప్రతినిధి సభకు 1891లో ఎన్నిక పద్ధతి ప్రవేశపెట్టారు. అదే సంవత్సరం మైసూరు సివిల్ సర్వీసుకు పోటీ పరీక్షలు మొదలయ్యాయి. 1894లో బాల్యవివాహాలను పరిమితం చేసే చట్టం వచ్చింది. అదే సంవత్సరం భూగర్భ శాఖ ఏర్పడింది. 1894 డిసెంబరులో చామరాజేంద్ర ఒడయారు కలకత్తాలో మరణించగా, యువరాజు మైనరు కావడం వలన మహారాణి రీజెంటుగా బాధ్యత వహించింది. ఆ కాలంలో పాలన భారం ఎక్కువగా దివానుపైనే పడింది.

శివనసముద్రం విద్యుత్ పథకం

నేపథ్యం

1880లలో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఆంగ్ల సంస్థ నిర్వహణలో కోలారు గనుల నుండి బంగారం పెద్ద ఎత్తున లభించసాగింది. తవ్విన బంగారంపై సంస్థానానికి రాయల్టీ రావడంతో అది ముఖ్యమైన ఆదాయ వనరు అయింది. అయితే గనులు లోతుకు వెళ్ళేకొద్దీ నీటిని తోడడానికి, ఖనిజాన్ని పైకి లాగి పొడి చేయడానికి కావలసిన శక్తి పెరుగుతూ వచ్చింది. ఆవిరి యంత్రాలకు బొగ్గు, కట్టెలు దూరప్రాంతాల నుండి తేవలసి రావడంతో ఖర్చు ఎక్కువయ్యేది.

మరోవైపు శివనసముద్రం వద్ద కావేరి రెండు పాయలుగా చీలి, గగనచుక్కి, భరచుక్కి అనే జలపాతాలుగా వంద మీటర్లకు దరిదాపు లోతుకు దూకుతుంది. ఈ శక్తిని విద్యుత్తుగా మార్చి గనులకు అమ్మవచ్చని మైసూరు ప్రభుత్వ డిప్యూటీ చీఫ్ ఇంజనీరు, కెనడా దేశస్థుడు అయిన ఏ.జె. జోలీ డి లోబినియేర్ ప్రతిపాదించాడు.

నిర్ణయం

ఇది సాహసంతో కూడిన నిర్ణయం. భారతదేశంలో అప్పటికి ఉన్న జలవిద్యుత్ కేంద్రం డార్జిలింగు వద్ద 1897లో ప్రారంభమైన సిద్రాపోంగ్ ఒక్కటే. అది పట్టణ దీపాలకు సరిపడే చిన్న కేంద్రం మాత్రమే. అంత దూరం విద్యుత్తును పంపడం ప్రపంచంలోనే అరుదు. పథకం విఫలమైతే క్షామపు అప్పుల నుండి తేరుకుంటున్న ఖజానాకు నష్టం తప్పదు. శేషాద్రి అయ్యర్ ఈ పథకాన్ని సమర్థించి, లోబినియేర్ ను 1899లో ఐరోపా, అమెరికా దేశాలకు పంపించి అక్కడి కేంద్రాలను పరిశీలింపజేశాడు. గనుల కంపెనీలు విద్యుత్తును కొనేలా ముందుగానే ఒప్పందం కుదిరింది. దీనివలన పెట్టుబడి తిరిగి రావడానికి భరోసా ఏర్పడింది. కేంద్రం, సరఫరా లైను రెండూ సంస్థాన ప్రభుత్వ ఆస్తిగానే ఉండటం ఈ పథకంలో గమనించదగిన విషయం.

నిర్మాణం

పనులు 1900లో మొదలయ్యాయి. టర్బైన్లను స్విట్జర్లాండుకు చెందిన ఎషర్ వీస్ కంపెనీ, జనరేటర్లు తదితర విద్యుత్ పరికరాలను అమెరికాకు చెందిన జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ సరఫరా చేశాయి. అడవులు, మలేరియా ఉన్న ఆ ప్రాంతానికి బరువైన యంత్రభాగాలను ఎడ్లబండ్లపైన, ఏనుగుల సాయంతోను చేరవేశారు. నదికి అడ్డంగా ఆనకట్ట వంటి కట్టడం కట్టి, నీటిని కాలువల ద్వారా మళ్ళించి, కొండ అంచు నుండి ఇనుప గొట్టాలలో కిందనున్న విద్యుత్ గృహానికి వదిలేవారు. అక్కడ తయారైన విద్యుత్తు వోల్టేజిని ట్రాన్స్‌ఫార్మర్ల ద్వారా 30 వేల వోల్టులకు పెంచి గనులకు పంపేవారు. వోల్టేజి ఎంత ఎక్కువైతే తీగలలో ప్రవాహం అంత తగ్గి, దారిలో వృథా అయ్యే శక్తి కూడా తగ్గుతుంది. అంత దూరపు సరఫరా సాధ్యమైనది ఈ సూత్రం వల్లనే.

720 కిలోవాట్ల సామర్థ్యం గల ఆరు జనరేటర్లతో ఏర్పడిన ఈ కేంద్రం నుండి 1902 జూన్ 30న కోలారు గనులకు విద్యుత్తు చేరింది. అప్పటికి ప్రపంచంలోని అతి పొడవైన విద్యుత్ సరఫరా లైన్లలో ఇది ఒకటి. ఈ కేంద్రాన్ని ఆసియాలోనే మొదటి జలవిద్యుత్ కేంద్రమని కొన్నిచోట్ల పేర్కొంటారు గాని అది సరికాదు. జపాను లోని క్యోటోలో 1891లోనూ, డార్జిలింగులో 1897లోనూ జలవిద్యుత్తు ఉత్పత్తి అయింది. భారతదేశంలో పరిశ్రమ కోసం పెద్ద ఎత్తున నిర్మించిన తొలి జలవిద్యుత్ కేంద్రం మాత్రం శివనసముద్రమే.

విమర్శలు

శేషాద్రి అయ్యర్ పాలనపై సమకాలికులలో విమర్శలు కూడా ఉండేవి. ఉన్నత ఉద్యోగాలు మద్రాసు ప్రెసిడెన్సీ నుండి వచ్చినవారికే ఎక్కువగా దక్కుతున్నాయని స్థానికులు ఆక్షేపించారు. సంస్థాన రాజకీయాలలో మైసూరు పక్షం, మద్రాసు పక్షం అనే చీలిక ఈ కాలంలోనే బలపడింది. అధికారమంతా దివాను చేతిలో కేంద్రీకృతమైందని, ప్రతినిధి సభకు సలహా ఇవ్వడం తప్ప అధికారం లేదని పత్రికలు వ్రాసేవి.

1892లో మద్రాసు ప్రభుత్వంతో కుదిరిన నదీజలాల ఒప్పందం మరొక వివాదాస్పద విషయం. దీని ప్రకారం కావేరి సహా పలు నదులపై మద్రాసు సమ్మతి లేకుండా మైసూరు కొత్త జలాశయాలు కట్టరాదు. కావేరి జలవివాదానికి మూలం ఈ ఒప్పందమే అని కర్ణాటకలో చాలామంది భావిస్తారు. విద్యుత్ పథకం విషయంలో కూడా మొదటి ప్రయోజనం విదేశీ కంపెనీల గనులకే దక్కింది. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపాలు 1905 ఆగష్టులో గాని వెలగలేదు. మైసూరు నగరానికి 1908లో విద్యుత్తు వచ్చింది.

పథకం తదనంతర చరిత్ర

గనులకు కావలసిన విద్యుత్తు పెరుగుతూ పోవడంతో శివనసముద్రం కేంద్రాన్ని పలు దశలలో విస్తరించారు. చివరకు దీని సామర్థ్యం 42 మెగావాట్లకు చేరింది. వేసవిలో కావేరి ప్రవాహం తగ్గి ఉత్పత్తి కుంటుపడేది. నీటిని నిలువ చేసి ఏడాది పొడవునా విడుదల చేయడం, కొత్త భూములకు సాగునీరివ్వడం అనే రెండు ప్రయోజనాల కోసం మోక్షగుండం విశ్వేశ్వరయ్య చీఫ్ ఇంజనీరుగా ఉండగా 1911లో కృష్ణరాజసాగరం నిర్మాణం మొదలైంది.

తరువాతి కాలంలో శింషా (1940), జోగ్ వద్ద మహాత్మాగాంధీ జలవిద్యుత్ కేంద్రం (1948), 1960లలో మొదలైన 1,035 మెగావాట్ల శరావతి కేంద్రం వచ్చాయి. 1970లో రాష్ట్ర విద్యుదుత్పత్తి కోసం ప్రత్యేక సంస్థ ఏర్పడింది. వర్షాలు తగ్గినపుడు జలవిద్యుత్తు చాలకపోవడంతో 1985లో రాయచూరులో బొగ్గు ఆధారిత కేంద్రం, 2000లో కైగాలో అణువిద్యుత్ కేంద్రం ఉత్పత్తి ప్రారంభించాయి. తెలుగు మాట్లాడేవారు అధికంగా ఉండే పావగడ తాలూకాలో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు 2019లో పూర్తయింది. శివనసముద్రం విద్యుత్తుకు కారణమైన కోలారు బంగారు గనులు 2001లో మూతబడ్డాయి. విద్యుత్ కేంద్రం మాత్రం నూరేళ్ళు దాటిన తరువాత కూడా పనిచేస్తూ వచ్చింది.

చివరి రోజులు

సుదీర్ఘకాలపు పనిభారం వలన శేషాద్రి అయ్యర్ ఆరోగ్యం దెబ్బతిన్నది. 1901 మార్చిలో పదవీవిరమణ చేసి, అదే సంవత్సరం సెప్టెంబరు 13న తన 56వ ఏట మరణించాడు. అప్పటికి శివనసముద్రంలో నిర్మాణం ఇంకా సాగుతూనే ఉంది.

గుర్తింపు, స్మారకాలు

బ్రిటిషు ప్రభుత్వం ఈయనకు 1887లో సి.ఎస్.ఐ., 1893లో కె.సి.ఎస్.ఐ. బిరుదులు ఇచ్చింది. బెంగుళూరులోని శేషాద్రిపురం ఈయన పేరు మీద వెలసినదే. కబ్బన్ పార్కులో ఈయన విగ్రహాన్ని 1913లో అప్పటి వైస్రాయి లార్డ్ హార్డింజ్ ఆవిష్కరించాడు. అదే ఉద్యానంలో ఎర్ర రంగు భవనమైన శేషాద్రి అయ్యర్ స్మారక మందిరంలో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం నెలకొని ఉంది.