దయామయుని రాజ్యమున దుఃఖము — శ్రీ రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి జీవితము

1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీని సముద్రము మచిలీపట్టణముపై విరుచుకొనిపడెను. పదుమూడడుగుల యెత్తున లేచిన యుప్పెన పట్టణమును ముంచి, చుట్టుపట్ల గ్రామములలోనికి మైళ్లకొలది చొచ్చుకొనిపోయెను. ఇంచుమించుగా 30,000 మంది ప్రాణములు గోల్పోయిరి. ఆ పట్టణముననే 1862లో జనించిన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు నాటికి రెండేండ్ల బాలుడు. క్రైస్తవుల పంచాంగమున నా దినము సకల భక్తుల పండుగ. దానికి 109 ఏండ్లకు పూర్వము, 1755లో, సరిగా నా పండుగనాడే లిస్బను నగరమున జనులు దేవాలయములలో బ్రార్థన సేయుచుండగా భూకంపము వచ్చి, పైకప్పులు వారి తలలపై గూలినవి. సాధ్యమగు లోకములలో నిదియే యుత్తమమని 1710లో లైబ్నిట్జు వ్రాసిన సిద్ధాంతమును వోల్టేరు 1759లో నవ్వులపాలు చేసినది యా భూకంపమును మనసున నుంచుకొనియే. లిస్బనును గూర్చి యూరపుఖండమంతయు వాదించెను. బందరు శవములను గూర్చి యట్టి వాదము మన దేశమున జరిగినట్లు కానరాదు. మనవారు కర్మమని నిట్టూర్చి యూరకుండిరి.

నాయుడుగారి తండ్రి సైన్యమున నుద్యోగి. అందుచే బాల్యమున జాలభాగము పరదేశములందే గడచెను. హైదరాబాదున జదివి, ఉర్దూ పారసీకములయందు బరిచయము గలిగి, పిదప మద్రాసు క్రైస్తవ కళాశాల జేరిరి. అచట వారికి లభించిన గురువు విల్లియము మిల్లరుగారు. స్కాట్లండునందలి స్వతంత్ర క్రైస్తవసంఘమునకు జెందిన యీ మహనీయుడు మద్రాసున నడుగిడినది 1862లో, అనగా నాయుడుగారు పుట్టిన యేటనే. శిష్యులకు బాప్తిస్మ మిప్పించుటకంటె వారి హృదయములలో క్రీస్తు ధర్మము నాటుటయే తన పనియని యెంచినవాడగుటచే, తోడి మిషనరీల నిందకు గూడ బాత్రుడాయెను. నాయుడుగారి నీతినిష్ఠకు బెంపొసగినది యీ గురువే. శిష్యుడు మాత్రము క్రైస్తవుడు కాలేదు, బ్రాహ్మధర్మము నవలంబించెను. ఇచట మనము కొంత నిలువవలసియున్నది.

సర్వశక్తుడును సర్వదయాళువునగు దేవుని సృష్టిలో నింత కీడెట్లు వచ్చినదను ప్రశ్నకు క్రైస్తవ పండితులు పరంపరగా జెప్పుచువచ్చిన సమాధానము మొదటి మానవుని పాపము. అయిదవ శతాబ్దమున నగస్టీను దీనిని తీర్చిదిద్దెను. ఆదాము తన స్వేచ్ఛచే దప్పు చేసెను. ఆ దోషము వాని సంతతికెల్ల సంక్రమించెను. బాప్తిస్మము లేక చనిపోయిన పసికందులును దండనార్హులే, వారి దండన తేలికదై యుండునంతే. నిరపరాధియగు క్రీస్తు రక్తమిచ్చుటచే దేవుని న్యాయము తృప్తిచెందెననుట యీ సిద్ధాంతమునకు ముగింపు.

న్యాయవాదవృత్తిలో నుండువా రెవ్వరును దీనిని విని యూరకుండలేరు. మా అనకాపల్లి బెల్లపు బజారులో నొకడు చేసిన బాకీకి మఱియొకడు జామీను నిలిచి సొమ్ము చెల్లించిన, ఋణదాత తృప్తిపడును. రశీదు వ్రాసి యిచ్చును. కాని ఖూనీ చేసినవానికి మారుగా వాని సోదరుడు వచ్చి యురికంబ మెక్కెదననిన, నే న్యాయాధిపతి యంగీకరించును? ధనఋణము చేతులు మారును గాని యపరాధము మారదు. తాత చేసిన నేరమునకు మనుమనిని జెరసాలలో బెట్టు రాజును మనము క్రూరుడందుము. దేవునియందు మాత్రము దానినే న్యాయమని యెట్లు కొనియాడుదుము? ఇట్టి యాక్షేపణ మన దేశీయుల దురభిమానముచే బుట్టినది కాదు. 1892లో మిల్లరుగారి సంఘమే తన పూర్వపు విశ్వాసప్రమాణము నందలి కాఠిన్యమును సడలించుకొనెను. క్రీస్తుయొక్క ప్రేమను నాయుడుగారు యావజ్జీవము నారాధించిరి. బ్రాహ్మమతమున శాశ్వత నరకము లేదు, మధ్యవర్తి లేడు, పరుల పాపము మోయువాడు లేడు. శిక్ష యెల్ల జీవుని దిద్దుటకొఱకే.

అయిన నిచట మనవారు తొందరపడి జయభేరి మ్రోగింపరాదు. ఆదామును, సైతానును, పూర్వజన్మమును గూడ ద్రోసివేసిన బ్రాహ్మునికి బందరు శవములకు జవాబు చెప్పుట మఱింత కష్టము. ఉప్పెనలో మునిగిన శిశువును దిద్దు టెట్టిది? ఈ ప్రశ్నను దాటిపోవు మతమేదియు, మన మతమైనను, విద్యావంతుని గౌరవమునకు దగదు.

నాయుడుగారి యౌవనమునకు ముందే యీ ప్రశ్న మరల దేశమును వణికించెను. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన క్షామమున 50 లక్షలకు మించిన జనము మడిసిరని చరిత్రకారుల యంచనా. ఒంగోలు అమెరికను బాప్తిస్టు మిషనరీ క్లౌగుదొర బకింగుహాము కాలువ త్రవ్వకములో గొంత గుత్తకు దీసికొని మాదిగలకు గూలి కల్పించెను. అన్నముకొఱకు మతము మార్చెనను నింద రాకుండ నాకలిదినములలో బాప్తిస్మ మీయ నిరాకరించి, పిదప 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ యొడ్డున నొక్క దినముననే 2,222 మందిని సంఘమున జేర్చుకొనెను. ఆ మాదిగలకు ఆదాముకథయు నగస్టీనుతర్కమును ముఖ్యములు కావు. కీడుకు గారణము చెప్పినవానికంటె కీడులో దమ ప్రక్కను నిలిచినవానిని వారు నమ్మిరి. మన పండితులు కర్మసిద్ధాంతముతో వారి యాకలిని సమర్థించుచుండిన దినములవి. తర్కమున క్రైస్తవుని జయించుట మనకు సులభము. ఈ విషయమున గాదు.

నాయుడుగారికి ముప్పదియేండ్లు నిండకమునుపే భార్య మరణించెను. మరల వివాహము చేసికొనక, తెల్లని వస్త్రములే ధరించి, బ్రహ్మచర్యవ్రతముతో శేషజీవితము గడపిరి. దేవుని దయను బ్రశ్నించుట కంతకంటె గారణ మక్కఱలేదు. కాని వారి విశ్వాసము సడలినట్లు వారి జీవితమున నెచటను గానరాదు. దుఃఖమునకు హేతువు తెలిసినట్లు నటించుట వారి మార్గము కాదు. దుఃఖితునియొద్దకు బోవుటయే వారి మార్గమని నే ననుకొందును.

బందరు నోబిలు కళాశాలలో, సికిందరాబాదు మహబూబు కళాశాలలో బనిచేసి, 1904లో కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాల కధ్యక్షులై 1919 వఱకు నుండిరి. స్త్రీలకును, అంటరానివారని సంఘము దిగద్రోసిన బాలురకును విద్యాద్వారములు దెఱపించిరి. భోగముమేళములు లేనిదే పెండ్లి గొప్పది కాదనుకొను జమీందారుల యెదుట నాచారము నెదిరించిరి. ఒక బాలిక వేశ్యావృత్తిలో బుట్టుట పూర్వజన్మ ఫలమని చెప్పువారికిని, ఆదాము ఫలమని చెప్పువారికిని వారి పని యొకే యుత్తరము: అది యామె ఫలము కాదు, చూచి యానందించు మన ఫలము. పిఠాపురపు సూర్యారావు బహద్దరువారి సాయమున ననాథశరణాలయమును, బ్రాహ్మమందిరమును వెలసినవి. తండ్రిలేని బిడ్డలు బళ్లకు బోవుచు, వేళకు భోజనము సేయుచు బెరిగిరి. 1924లో సర్ బిరుదమును, 1925లో మద్రాసు విశ్వవిద్యాలయోపాధ్యక్షపదవియు వచ్చినవి. మిల్లరుగారును బూర్వ మా పదవి నలంకరించినవారే.

మనుష్యకృతమగు కీడునకు నాయుడుగారి జీవితము సమాధానమని యొప్పుకొన్నను, ఉప్పెనకు గాదని పాఠకుడొకడు నన్నడుగవచ్చును. నిజమే. ఆ ప్రశ్న కాకినాడ కళాశాలలోనే మఱియొకని నోట బుట్టెను. అచట వృక్షశాస్త్రము బోధించిన గోపరాజు రామచంద్రరావుగారు దేవుని భావమును విమర్శించుచు వ్రాసిన వ్యాసము కారణముగా 1933లో నుద్యోగము గోల్పోయిరి. నాయుడుగారు పెంచిన కళాశాల యొక నాస్తికుని భరింపలేకపోవుట నాకు విచారకరము. ప్రశ్నించువానిని వెడలగొట్టిన బ్రశ్న వెడలిపోదు గదా. ఆ నాస్తికుడును మాలమాదిగలతో సహపంక్తి భోజనములు చేయుచు, అంటరానితనముపై బోరాడుచు నుండెను. 1939లో నాయుడుగారు పరమపదించిరి. మఱుసటి యేట, బందరున కంత దూరము కాని ముదునూరు గ్రామమున, రామచంద్రరావుగారు నాస్తిక కేంద్రమును స్థాపించిరి.