ఒక్క పరీక్షతో మనిషిని తూచొద్దన్న మాస్టారు

అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో చదివారా? చదవకపోయినా ఆ గేటు ముందు నుంచి ఎన్నోసార్లు వెళ్లే ఉంటారు. రాయలసీమను ఇంకా దత్తమండలాలు అని పిలుస్తున్న రోజుల్లో, 1916లో మొదలైన కాలేజీ అది. కొత్తగా తెరిచిన ఆ కాలేజీలో ముప్పై ఏళ్లు కూడా నిండని ఓ అధ్యాపకుడు కొంతకాలం పాఠాలు చెప్పారు. ఆయనే సర్వేపల్లి రాధాకృష్ణన్.

తర్వాత ఆయన రాష్ట్రపతి అయ్యారన్నది జీకే బిట్‌గా మీకు ఎప్పుడో కంఠతా వచ్చేసి ఉంటుంది. కానీ డీఎస్సీకో, గ్రూప్స్‌కో ప్రిపేరవుతున్న మీరు తెలుసుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. పరీక్షల గురించి ఆయన ఏం తేల్చారన్నదే అది.

పాత పుస్తకాలతో మొదలు

ఆయన 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో ఒక పేద తెలుగు కుటుంబంలో పుట్టారు. తిరుపతి, వేలూరు, మద్రాసుల్లో స్కాలర్‌షిప్పుల మీదే చదువు సాగించారు. ఫిలాసఫీ తీసుకోవడం వెనక పెద్ద ప్లానేమీ లేదు. డిగ్రీ పూర్తిచేసిన బంధువు ఒకరు తన ఫిలాసఫీ పుస్తకాలు ఇచ్చేశారు. కొనే ఖర్చు తప్పింది కాబట్టి ఆ సబ్జెక్టే ఖాయమైంది. ఫ్రెండు వాడిన మెటీరియల్‌తో చదువుతున్నామని మీరు చిన్నబుచ్చుకోనక్కర్లేదన్నమాట.

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత టీచర్ ట్రైనింగ్ కోసం సైదాపేట వెళ్లాల్సి వచ్చింది. అక్కడ సైకాలజీలో ఆయన రాసిన జవాబులు చూసి అధ్యాపకుడు ఆశ్చర్యపోయారు. ఇక క్లాసుకు రావక్కర్లేదని, తోటి ట్రైనీలకు మీరే పాఠాలు చెప్పండని అప్పగించారు. ఆ ఉపన్యాసాలే 1912లో పుస్తకంగా వచ్చాయి. ఆ అధ్యాపకుడు మార్కులు వేసి ఊరుకుని ఉంటే కథ అక్కడితో ఆగేది. జవాబు పత్రంలో మనిషికి ఏం వచ్చో చూసి, దానికి తగ్గ పని ఇచ్చారు. పరీక్ష అసలు చేయాల్సిన పని ఇదే కదా!

నలభై ఏళ్ల తర్వాత తీర్పు

అనంతపురం తర్వాత రాజమండ్రి, 1918లో మైసూరు, 1921లో కలకత్తా. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్. ఆపై ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్, 1939 నుంచి బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్. స్వాతంత్ర్యం వచ్చాక, 1948లో ప్రభుత్వం వేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు ఆయనే అధ్యక్షుడు. మరుసటి ఏడాది నివేదిక వచ్చింది. ఉన్నత విద్యలో ఒకే ఒక్క సంస్కరణ సూచించమంటే అది పరీక్షల సంస్కరణే అవుతుందని అందులో తేల్చి చెప్పారు.

మన పల్లెల్లో వేరుశనగ వేసిన రైతును అడగండి. అదునులో ఒక్క వాన తప్పితే ఏడాది కష్టం పోతుంది. డిగ్రీ విద్యార్థి పరిస్థితీ అలాగే ఉండేది. ఏళ్ల చదువంతా చివర్లో రాసే వ్యాసరూప పరీక్షల మీదే ఆధారపడేది. పేపరు దిద్దే వ్యక్తి మారితే మార్కులూ మారేవి. అందుకే కమిషన్ కొన్ని మార్పులు కోరింది. ప్రతి సబ్జెక్టులో మూడో వంతు మార్కులు ఏడాది పొడవునా చేసిన పనికి ఇవ్వాలి. అన్నీ ఆఖర్లో కాకుండా విడతలవారీగా పరీక్షలు పెట్టాలి. ఆబ్జెక్టివ్ టెస్టులు తేవాలి. గ్రేస్ మార్కులు ఎత్తేయాలి. ఫస్ట్ క్లాసుకు 70 శాతం ఉండాలి. ప్రభుత్వ పరిపాలనా ఉద్యోగాలకు డిగ్రీ తప్పనిసరి కాకూడదు, ఆసక్తి ఉన్నవాళ్లెవరైనా రాసేలా విడిగా పోటీ పరీక్షలు ఉండాలి.

టీచర్ ట్రైనింగ్‌నూ కమిషన్ వదల్లేదు. ట్రైనీలు బడిలో గడిపే సమయం పెరగాలని, వాళ్లను అంచనా వేసేటప్పుడు బోధనాభ్యాసానికే ఎక్కువ బరువు ఇవ్వాలని చెప్పింది.

మీ దాకా వచ్చిందేమిటి?

మీరు రాసే సెమిస్టర్లు, ఇంటర్నల్స్, బిట్ పేపర్లు అన్నీ ఆ ఆలోచనలకు దగ్గరివే. 2015 నుంచి బీఈడీ రెండేళ్లయింది, అందులో 20 వారాల ఇంటర్న్‌షిప్ ఉంది. అయితే చేతికొచ్చిన మార్పును మనం ఎలా వాడుతున్నాం? ఇంటర్నల్ మార్కులు అందరికీ వేసేసే లాంఛనమైతే, సీనియర్ రికార్డు చూసి లెసన్ ప్లాన్లు దించేస్తే, పేరు మారిందే తప్ప పద్ధతి మారనట్టే. బిట్లు కూడా బట్టీ పట్టేవే అయితే వ్యాసం పోయి బిట్టు వచ్చిందంతే.

కాబట్టి ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లు ఒక్క పని చేసి చూడండి. బడిలో స్లిప్ టెస్ట్ పెట్టాక మార్కులు వేసి పేపర్లు పంచేయకండి. ఎక్కువమంది తప్పు రాసిన ప్రశ్న ఏదో చూడండి. ఆ పాఠాన్ని మర్నాడు ఇంకో రకంగా చెప్పండి. డెమో క్లాసులోనైనా, ఇంటర్వ్యూలోనైనా చెప్పుకోవడానికి మీకంటూ ఒక అనుభవం ఉంటుంది. పోటీ పరీక్షలకు చదివేవాళ్లూ మాక్ టెస్ట్ స్కోరు చూసి దిగులుపడే బదులు ఎక్కడ తప్పుతున్నారో రాసి పెట్టుకోండి.

రాధాకృష్ణన్ 1962 నుంచి 1967 వరకు రాష్ట్రపతిగా పనిచేసి, 1975 ఏప్రిల్ 17న మద్రాసులో కన్నుమూశారు. ఏటా సెప్టెంబరు 5న ఆయన ఫొటోకు దండ వేస్తున్నాం. రేపు మీరు టీచరై మొదటిసారి జవాబు పత్రాల కట్ట ముందేసుకున్నప్పుడు కూడా ఆయన్ను ఓసారి తలచుకోండి. ఎర్ర పెన్ను అప్పుడు మీ చేతిలోనే ఉంటుంది.