వుల్ఫ్ విష్నియాక్

వుల్ఫ్ విష్నియాక్ 1922లో బెర్లిన్‌లో పుట్టారు. అమెరికాలో, రోచెస్టర్ యూనివర్సిటీలో సూక్ష్మజీవుల గురించి పాఠాలు చెప్పేవారు. కంటికి కనిపించనంత చిన్న ప్రాణులే సూక్ష్మజీవులు.

అంగారక గ్రహం, అంటే మార్స్ మీద అవి ఉన్నాయా? అది కనుక్కోవడానికి ఆయన 'వుల్ఫ్ ట్రాప్' అనే పరికరం తయారుచేశారు. పోషకాలు కలిపిన నీళ్లలో మట్టి పడుతుంది. ప్రాణులు పెరిగితే ఆ నీళ్లు కలకబారతాయి.

కానీ ఖర్చు ఎక్కువైందని 1972లో నాసా దాన్ని వైకింగ్ ల్యాండర్ల నుంచి తీసేసింది. అయినా ఆయన పని మానలేదు. మార్స్‌లాగే చలిగా, పొడిగా ఉండే అంటార్కిటికాకి వెళ్లారు. 1973 డిసెంబరులో అక్కడ కొండమీద జారిపడి చనిపోయారు. ఆయన పరిశోధించిన చోటి మట్టిలో తర్వాత భార్య హెలెన్‌కి కొత్తరకం ఈస్ట్ దొరికింది.

1976లో రెండు వైకింగ్ ల్యాండర్లూ మార్స్ మీద దిగాయి. జీవం ఉందని తేలలేదు. అక్కడి ఒక పెద్ద గుంటకి మాత్రం విష్నియాక్ పేరు పెట్టారు.