భోజనాల బల్ల మీద అపరాధ పరిశోధన

చేతిలో డిటెక్టివ్ నవల పట్టుకున్న ఆడపిల్లని చూసి పెద్దవాళ్ళు నొసలు చిట్లించడం మన ఇళ్ళలో మామూలే. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఎన్ని ఇళ్ళలో దిండు కిందా, బియ్యం డబ్బా వెనకా తలదాచుకున్నారో లెక్కలేదు. 'తులసిదళం' చదివేసి, రాత్రిపూట పెరట్లోకి వెళ్ళడానికి తోడు పిలిచిన అక్కచెల్లెళ్ళు మన నరసన్నపేటలోనూ ఉన్నారు. ఇవన్నీ పనిలేని కాలక్షేపాలనీ, ఇల్లాలికి ఇవెందుకనీ అనేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

అలాంటి పుస్తకాలు చదవడమే కాదు, యాభై ఏళ్ళకు పైగా రాసుకుంటూ పోయిన ఒక ఇల్లాలు ఉంది. ఎంత పేరొచ్చినా, ఏదైనా ఫారంలో వృత్తి ఏమిటని అడిగితే రచయిత్రి అని రాయాలని ఆవిడకి తోచేదే కాదట. పెళ్ళయిన స్త్రీ అని రాసి ఊరుకునేది. ఆవిడే అగాథా క్రిస్టీ. పోయి ఇన్నేళ్ళయినా ఆవిడ పుస్తకాలు అమ్ముడుపోతూనే ఉన్నాయి. ఇప్పటిదాకా అమ్ముడైన ప్రతులు రెండు వందల కోట్లకు పైనే ఉంటాయని అంచనా.

బడి లేని చదువు

1890 సెప్టెంబరు 15న ఇంగ్లండులోని టార్కీ అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో అగాథా పుట్టింది. ముగ్గురు పిల్లల్లో ఆఖరిది. అక్క మాడ్జ్, అన్న మాంటీ ఆమె కన్నా పదేళ్ళు పైబడ్డ పెద్దవాళ్ళు. తల్లి క్లారాకి ఒక వింత నమ్మకం ఉండేది. ఎనిమిదేళ్ళు నిండేదాకా పిల్లకి అక్షరాలు నేర్పకూడదని! కానీ పిల్ల ఊరుకుంటేనా? ఇంట్లో పెద్దవాళ్ళు చదివి వినిపించే కథల పుస్తకాలు ముందేసుకుని, ఐదేళ్ళకే తనంతట తాను చదవడం నేర్చేసుకుంది.

1901లో తండ్రి పోయాడు. అప్పటికి అగాథాకి పదకొండేళ్ళు. ఆస్తి తరిగిపోయింది, తల్లీ కూతుళ్ళు మిగిలారు. కొన్నాళ్ళు పారిస్‌లో సంగీతం నేర్చుకుంది గానీ, నలుగురి ముందుకి వచ్చేసరికి ఆమెకి చేతులు వణికేవి. అలా కచేరీల దారి మూసుకుపోయింది. ఒకసారి జ్వరంతో మంచం పట్టి విసుగెత్తిపోతుంటే, కథ రాయరాదా అని తల్లే ఒక నోటుపుస్తకం చేతికిచ్చింది. అలా మొదలైన రాతలో దెయ్యాలు, ఆత్మలు, కలలు ఎక్కువ. పత్రికలకి పంపితే పంపినట్టే తిరిగొచ్చేవి. మనలో కథలు రాసే ప్రతి ఇల్లాలికీ ఆ తిరుగు టపా బాధ తెలిసిందే కదా!

మందుల అలమారా ముందు

అక్క మాడ్జ్ ఒకరోజు కవ్వించింది. నీకు డిటెక్టివ్ కథ రాయడం చేతకాదు, పందెం అంది. ఆ మాట అగాథా మనసులో పడి ఉండిపోయింది.

1914లో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆ ఏడాది క్రిస్మస్ ముందురోజు ఆర్చీ క్రిస్టీ అనే యువ సైనికాధికారిని ఆమె పెళ్ళాడింది. అతను పుట్టింది అప్పటి మన దేశంలోని పెషావరులో. పెళ్ళవుతూనే అతను మళ్ళీ యుద్ధానికి వెళ్ళిపోయాడు. అగాథా టార్కీలోని యుద్ధ ఆసుపత్రిలో నర్సుగా చేరింది. ఆ తర్వాత మందులు కలిపి ఇచ్చే విభాగానికి మారి, పరీక్ష కూడా ప్యాసైంది. చుట్టూ సీసాలు. ఏది ఎంత వేస్తే మందు, ఎంత దాటితే విషం... ఈ లెక్కే రోజంతా పని. ఖాళీ దొరికినప్పుడు అక్కతో పందెం గుర్తొచ్చేది. మన కథలో హత్య విషంతోనే జరగాలి అనుకుంది. అప్పట్లో టార్కీలో బెల్జియం నుంచి వచ్చిన కాందిశీకులు ఉండేవారు. అందుకని డిటెక్టివుని బెల్జియం వాడిని చేసింది. అలా పుట్టాడు గుడ్డులాంటి తల, తీర్చిదిద్దిన మీసాలున్న హెర్క్యూల్ పాయిరో.

'ది మిస్టీరియస్ ఎఫైర్ ఎట్ స్టైల్స్' అనే ఆ నవలని ప్రచురణకర్తలు వరసగా తిప్పి పంపారు. చివరకి ఒకాయన ఒప్పుకుని, రెండేళ్ళ దాకా నానబెట్టి, 1920లో ముద్రించాడు. ఈలోగా 1919లో ఆమెకి కూతురు రోజలిండ్ పుట్టింది. ఆ పుస్తకం మీద చేతికి వచ్చింది పాతిక పౌన్లు! పైగా మరో ఐదు నవలలు కూడా ఆ కంపెనీకే ఇవ్వాలని ఒప్పందం. సంతోషంలో చదవకుండానే సంతకం పెట్టేసిందామె. తర్వాత కళ్ళు తెరిచి, ఒక ఏజెంటుని పెట్టుకుని, ఒప్పందం తీరగానే మరో ప్రచురణకర్త దగ్గరికి మారిపోయింది. తన రాతకి ధర ఉందని ఆ ఇల్లాలు తెలుసుకోవడానికి అన్నేళ్ళు పట్టింది.

ఇక రాయడానికి ప్రత్యేకంగా ఒక గదీ, కుర్చీ ఉండేవనుకుంటున్నారా? చాలా ఏళ్ళ దాకా అదేం లేదు. పడకగదిలో ముఖం కడుక్కునే పాలరాతి బల్ల, లేకపోతే రెండు భోజనాల నడుమ ఖాళీగా ఉన్న డైనింగ్ టేబులు... అక్కడే టైపు మిషను పెట్టుకునేది.

ఆ పదకొండు రోజులు

1926 ఆమెకి కలిసొచ్చిన ఏడాది, కాలరాసిన ఏడాది కూడా. 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఎక్రాయిడ్' ఆ ఏడే వచ్చి పెద్ద పేరు తెచ్చింది. ఏప్రిల్లో తల్లి పోయింది. పుట్టింట్లో మిగిలిన సామాన్లు సర్దడానికి అగాథా ఒక్కర్తీ వెళ్ళి, నెలల తరబడి ఆ దుఃఖంలో మునిగిపోయింది. భర్త తోడు రాలేదు. చివరికి వచ్చినప్పుడు తెచ్చిన కబురేమిటంటే, తను వేరొక అమ్మాయిని ప్రేమించాననీ, విడాకులు కావాలనీ.

డిసెంబరు 3 రాత్రి, నిద్రపోతున్న ఏడేళ్ళ కూతురిని ఇంట్లో ఉంచి, అగాథా కారు తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు ఆ కారు సర్రేలో ఒక గుట్ట దగ్గర ఖాళీగా కనిపించింది. దేశమంతా గగ్గోలు. పోలీసులు, వేలమంది జనం తుప్పలూ చెరువులూ వెతికారు. చంపేశాడేమోనని భర్త మీద అనుమానం. షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన కానన్ డాయిల్ అంతటివాడు ఆమె చేతి తొడుగు పట్టుకెళ్ళి, ఆత్మలతో మాట్లాడతాననే మనిషికి చూపించాడు! పదకొండు రోజులకి, 14వ తేదీన, ఉత్తరాన హారోగేట్ అనే ఊళ్ళో ఒక హోటల్లో దొరికింది. హోటల్ బ్యాండులో వాయించేవాళ్ళు ఆనవాలు పట్టారు. అక్కడ రాయించుకున్న ఇంటిపేరు ఏమిటో తెలుసా? భర్త ప్రేమించిన అమ్మాయి ఇంటిపేరు!

జ్ఞాపకం పోయిందని డాక్టర్లన్నారు. పేరు కోసం ఆడిన నాటకమని కొన్ని పత్రికలు ఎత్తిపొడిచాయి. ఆవిడ మాత్రం ఆ రోజుల గురించి పెద్దగా నోరు విప్పలేదు. తన ఆత్మకథలోనూ వాటిని దాటేసింది. గుండె పగిలిన ఆడదాన్ని చూసి లోకం ముందు వేడుక చూస్తుంది, తర్వాత నింద వేస్తుంది. అది ఏ దేశమైనా ఒకటే.

అసలు గొప్పతనం ఆ తర్వాతే ఉంది. చేతిలో చిన్నపిల్ల. డబ్బు కావాలి. 1927 మొదట్లో కూతురినీ, సెక్రటరీనీ వెంటబెట్టుకుని కెనరీ దీవులకి వెళ్ళి, మనసు రాకపోయినా కూర్చుని 'ది మిస్టరీ ఆఫ్ ది బ్లూ ట్రెయిన్' పూర్తిచేసింది. ఆ నవల అంటే ఆవిడకి జీవితాంతం ఇష్టం లేదు. కానీ రాయాలనిపించకపోయినా రాయడమే వృత్తి అని అప్పుడే తెలిసిందట. అప్పటిదాకా సరదాగా సాగిన రాత ఆవేళ తల్లినీ కూతురినీ నిలబెట్టింది. 1928లో విడాకులు మంజూరయ్యాయి.

ఒంటరిగా రైలెక్కి...

ఆ ఏడాదే ఆమె వెస్టిండీస్ వెళ్ళడానికి టికెట్లు కొనుక్కుంది. బయల్దేరే రెండు రోజుల ముందు ఒక విందులో ఎవరో బాగ్దాదు గురించి చెప్పారు. అంతే, టికెట్లు మార్చేసి, ఒంటరిగా ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేసింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ విడాకుల మనిషి ఒక్కర్తీ దేశాలు దాటడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఇరాక్‌లోని ఊర్ తవ్వకాల దగ్గర స్నేహాలు కలిశాయి. 1930లో మళ్ళీ వెళ్ళినప్పుడు మాక్స్ మాలోవన్ అనే పురావస్తు శాస్త్రవేత్త పరిచయమయ్యాడు. అతను ఆమెకన్నా పదమూడేళ్ళు చిన్న. ఆ సెప్టెంబరులోనే పెళ్ళి చేసుకున్నారు. ఆ కాపురం ఆమె చనిపోయేదాకా, నలభై ఐదేళ్ళు సాగింది.

భర్త తవ్వకాలకి వెళితే ఆవిడా వెంట వెళ్ళేది. నిమ్రూద్‌లో బయటపడ్డ వేల ఏళ్ళనాటి దంతపు బొమ్మల సందుల్లో మట్టి తీయడానికి ఆవిడ వాడిన పనిముట్లేమిటో వింటే నవ్వొస్తుంది. సన్నని అల్లిక సూది, ముఖానికి రాసుకునే క్రీము! అలా శుభ్రపడ్డ దంతపు పనితనం ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

అల్లిక సూదుల అవ్వ

పాయిరో కంటే మనకి దగ్గరి చుట్టం మిస్ మార్పుల్. పెళ్ళి చేసుకోని ముసలావిడ, పల్లెటూళ్ళో కాపురం, చేతిలో ఊలు బంతి, తోటలో మొక్కలు. 1927లో ఒక కథలో కనిపించి, 1930లో 'మర్డర్ ఎట్ ది వికరేజ్'తో నవల్లోకి వచ్చింది. ఆవిడకి తుపాకీ లేదు, ప్రయోగశాల లేదు. ఫలానావాడి తీరు మా ఊరి చేపల దుకాణం వాడిలాగే ఉందే అనుకుంటూ మొదలుపెడుతుంది, హంతకుడి దాకా వెళుతుంది. అగాథా వాళ్ళ నాయనమ్మ ఎవరి గురించైనా ముందు చెడే అనుమానించేదట, తీరా చూస్తే అదే నిజమయ్యేదట! ఆ పోలిక మార్పుల్‌కి వచ్చింది.

వీధి అరుగు మీద కూర్చున్న మన మామ్మకీ ఈవిడకీ ఎంత తేడా చెప్పండి? ఏ ఇంటికి ఏ వేళ చుట్టాలొచ్చారు, ఏ కోడలి కళ్ళు వాచి ఉన్నాయి, పాలవాడు ఎందుకు ఆలస్యం చేశాడు... ఇవన్నీ గమనిస్తే అమ్మలక్కల కబుర్లని తీసిపారేస్తాం. ఆ చూపునే అగాథా క్రిస్టీ తెలివితేటలుగా నిలబెట్టింది. వంటింటి గమనిక కూడా ఒక విద్యేనని మగ ఇనస్పెక్టర్ల చేత ఒప్పించింది. రితుపర్ణ ఘోష్ 2003లో తీసిన బెంగాలీ సినిమా 'శుభో మహరత్'లో రాఖీ వేసిన పిన్నత్త పాత్ర ఈ మార్పుల్ అచ్చే. 1965లో వచ్చిన హిందీ 'గుమ్‌నామ్'కి మూలం కూడా ఈవిడ నవలే.

చేతబడి కాదు, విషం

దెయ్యాల కథల మోజు అగాథాని పూర్తిగా వదల్లేదు. 1933లో అచ్చయిన 'ది హౌండ్ ఆఫ్ డెత్' నిండా అలాంటి కథలే. కానీ నవలల్లో మాత్రం ఆ భయాన్ని వెనక్కి తిప్పి చూపిస్తుంది. 1961లో వచ్చిన 'ది పేల్ హార్స్'లో ముగ్గురు ఆడవాళ్ళు మంత్రాలతో దూరాన ఉన్నవాళ్ళని చంపుతున్నారని పుకారు. తీరా చూస్తే మంత్రం లేదు, థాలియం అనే విషం ఉంది. హంతకుడెవరో చెప్పను, చదువుకోండి! ఆ విషం తాకితే జుట్టు రాలిపోతుందని ఆవిడ కథలో వివరంగా రాసింది.

1977లో, ఆవిడ పోయిన మరుసటి ఏడాది, ఖతార్ నుంచి పందొమ్మిది నెలల పసిపాపని లండన్ ఆసుపత్రికి తెచ్చారు. జబ్బేమిటో డాక్టర్లకి అంతుపట్టలేదు. ఆ వార్డులో ఒక నర్సు అప్పుడే 'ది పేల్ హార్స్' చదువుతోంది. పాప జుట్టు రాలడం చూసి, ఇది థాలియం అయి ఉండొచ్చని చెప్పింది. పరీక్ష చేయిస్తే అదే తేలింది. పాప బతికింది. కాలక్షేపం పుస్తకం చేసిన పని చూశారా!

మన ఉత్తరాంధ్రలో, పక్క ఏజెన్సీ ఊళ్ళలో చిల్లంగి పెట్టారన్న నెపంతో మనుషుల్ని హింసించిన వార్తలు ఎన్ని చదవలేదు? జ్వరమొచ్చినా, గొడ్డు చచ్చినా ఎవరో ఒక ఒంటరి ముసలమ్మ మీదికే వేలు చూపిస్తారు. అలాంటి చోట, ఇది ఎలా జరిగింది, లాభం ఎవరికి, సాక్ష్యమేది అని అడగడం నేర్పే పుస్తకం ఇంట్లో ఉండటం మంచిదే కదా.

ఆవిడ రాతలో లోపాలు లేవని కాదు. యూదుల గురించీ, నల్లవాళ్ళ గురించీ ఆనాటి తెల్లవాళ్ళ చులకన కొన్నిచోట్ల కనబడుతుంది. 1939 నాటి ఒక నవలకి మొదట పెట్టిన పేరు నల్లజాతివాళ్ళని అవమానించేది. అమెరికాలో అచ్చువేసినప్పుడే దాన్ని మార్చారు. అదే నేటి 'అండ్ దెన్ దేర్ వర్ నన్'. అది తెలుసుకునే చదవాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

అగాథా క్రిస్టీ మొత్తం 66 డిటెక్టివ్ నవలలు రాసింది. 1952 నవంబరు 25న లండన్‌లో మొదలైన ఆమె నాటకం 'ది మౌస్‌ట్రాప్', 2020లో కరోనా ఆపేదాకా ఆగకుండా ఆడి, 2021లో మళ్ళీ తెర ఎత్తింది. దాని హక్కులు మనవడికి కానుకగా ఇచ్చేసిందావిడ. 1971లో డేమ్ బిరుదు అందుకుని, 1976 జనవరి 12న ఎనభై ఐదో ఏట కన్నుమూసింది.

ఆవిడ ఇంగ్లీషు సులువు. కాలేజీ చదువు ఆగిపోయిన అమ్మాయి కూడా డిక్షనరీ పక్కన పెట్టుకుని చదవగలదు. మొదట మార్పుల్ చిన్నకథలు, 'ది థర్టీన్ ప్రాబ్లమ్స్' తీసుకోండి. మధ్యాహ్నం అంట్లు కడిగి నడుం వాల్చిన అరగంటలో ఒక కథ అయిపోతుంది. తర్వాత 'ఓరియంట్ ఎక్స్‌ప్రెస్', ఆ పైన 'రోజర్ ఎక్రాయిడ్'. దెయ్యాల కథలంటే ఇష్టమున్నవాళ్ళు 'ది పేల్ హార్స్' చదవండి.

చివరగా ఒకటి. మేరీ వెస్ట్‌మకాట్ అనే మారుపేరుతో ఆవిడ ఆరు మామూలు నవలలు రాసింది. వాటిలో 1944 నాటి 'ఆబ్సెంట్ ఇన్ ది స్ప్రింగ్'ని మూడే రోజుల్లో పూర్తిచేసిందట. రైలు తప్పి ఎడారి మధ్య సత్రంలో చిక్కుబడ్డ ఒక ఇల్లాలు, ఏ పనీ లేక, మొదటిసారి తన కాపురాన్ని తానే పరిశోధించుకుంటుంది. అందులో శవం లేదు, పోలీసు లేడు. అయినా చదువుతుంటే గుండె దడదడలాడుతుంది. ఇల్లు సర్దడం అయ్యాక, పిల్లలు పడుకున్నాక, ఒక్కరే కూర్చుని చదవండి.