ఎలిజబెత్ పాకర్డ్ జీవితము

అమెరికా దేశమున మాసచూసెట్సు రాష్ట్రములోని వేర్ అను ఊర 1816 డిసెంబరు 28వ తేదీన ఎలిజబెత్ జన్మించెను. ఆమె తండ్రి పాదిరి. చక్కగా చదువుకొని కొంతకాలము ఉపాధ్యాయినిగా పనిచేసెను. 1839లో తనకంటె 14 ఏండ్లు పెద్దవాడైన థియొఫిలస్ పాకర్డ్ అను పాదిరిని వివాహమాడి ఆరుగురు బిడ్డలకు తల్లి అయ్యెను. పిమ్మట వారి కాపురము ఇల్లినాయ్ రాష్ట్రములోని మాంటెనో గ్రామమునకు మారెను.

మానవులెల్లరు పుట్టుకతోనే పాపులని భర్త బోధించు మతము. ఎలిజబెత్ దీని నొప్పుకొనలేదు. బైబిలు తరగతిలో తన తలంపును దాపరికము లేక చెప్పుచుండెను. భర్త వాదముతో బదులు చెప్పక, ఆమెకు ఉన్మాదము సోకినదనెను. ఆ రాష్ట్రమున 1851 నాటి శాసనము విపరీతమైనది. ఇతరులను పిచ్చి ఆసుపత్రికి పంపవలెనన్న బహిరంగ విచారణ జరుగవలెను. భార్యను పంపుటకు మాత్రము భర్త కోరికయు, ఆసుపత్రి అధికారి సమ్మతియు చాలును. 1860 జూను 18న ఇద్దరు వైద్యులు వచ్చి ఆమె నాడి చూచి తల యూపిరి. ఉన్మాదమును నాడిలో కనుగొనుట వారికే చెల్లినది! ఆమె నడచి రానని పట్టుబట్టగా ఎత్తుకొనిపోయి రైలెక్కించిరి. కడగొట్టు బిడ్డకు అప్పటికి ఏడాదిన్నర వయస్సు.

జాక్సన్‌విల్ ఆసుపత్రిలో ఆమె మూడేండ్లుండెను. అధికారి డాక్టరు మెక్‌ఫార్లాండ్ మొదట ఆదరముగనే చూచెను. అచటి రోగులకు జరుగు అన్యాయములను ఆమె వ్రాసి అతని ముందుంచగా, ఉద్రేకము గల రోగులుండు వార్డునకు మార్పించెను. ఆమె అచట ఊరకుండక రోగులకు స్నానములు చేయించి, గదులు కడిగి, చూచినదంతయు రహస్యముగా వ్రాసి దాచెను. 1863లో నయము కాని ఉన్మాదమని నిర్ణయించి ఇంటికి పంపివేసిరి.

ఇంటివద్ద భర్త ఆమెను గదిలో నుంచి కిటికీలకు మేకులు కొట్టించెను. చిత్రమేమన, ఇదియే ఆమెకు మేలయ్యెను. భార్యను ఆసుపత్రిలో నుంచుటకు శాసనము భర్తకు అధికార మిచ్చినది గాని, ఇంటిలో బంధించుటకు ఈయలేదు. కిటికీ సందున జారవిడిచిన చీటి ఒక స్నేహితురాలికి చేరెను. న్యాయమూర్తి విచారణకు ఆజ్ఞాపించెను. 1864 జనవరిలో కాంకకీ న్యాయస్థానమున 12 మంది జ్యూరీ సభ్యులు 7 నిమిషములలో ఆమె మతి స్థిమితముగ నున్నదని తేల్చిరి. ఆమె ఇల్లు చేరునప్పటికి అందు అద్దెకున్నవారు కనబడిరి. భర్త సామానులమ్మి, బిడ్డలను తీసికొని మాసచూసెట్సునకు పోయెను. ఆనాటి శాసనము దృష్టిలో ఆస్తియు బిడ్డలును అతనివే.

చేత కాసు లేదు. ఎలిజబెత్ అచ్చు కాబోవు పుస్తకమునకు ముందుగా చీట్లమ్మి, ఆ చందా సొమ్ముతో అచ్చు వేయించి, ఊరూర తిరిగి తానే అమ్మెను. ఆ పుస్తకములే ఆమెకు కూడు పెట్టినవి, శాసనసభ తలుపులు తెరచినవి. జ్యూరీ విచారణ లేక ఎవరిని పిచ్చి ఆసుపత్రిలో నుంచరాదని 1867లో ఇల్లినాయ్ శాసించెను. 1869లో బిడ్డలు ఆమెను చేరిరి. 1872లో అయోవా రాష్ట్రము రోగులకు ఉత్తరములు వ్రాసికొను హక్కు కల్పించెను. రోగిని నేరస్థునివలె పదిమంది ఎదుట నిలుపుట తగదని వైద్యులు ఆక్షేపించిరి. అందు కొంత న్యాయము లేకపోలేదు.

సిర్గాపూర్ వారు ఎర్రగడ్డ ఆసుపత్రి పేరెరుగుదురు. నిజాము కాలమున జాల్నాలో నుండి, 1953లో హైదరాబాదునకు మారినది. అట్టి ఆసుపత్రులలో ఇష్టము లేకయే చేర్పబడినవారు సమీక్షా మండలికి మొరపెట్టుకొనవచ్చునని, వారికి న్యాయసహాయము ఉచితమని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. సంకెలలు వేయుటను నిషేధించినది. సంఘము యొక్క నీతికి, మతవిశ్వాసములకు సరిపడలేదని ఎవరిని మనోరోగిగా నిర్ణయింపరాదనినది. ఎలిజబెత్ కోరినది సరిగా ఇదియే.

ఆమె 1897 జూలై 25న షికాగోలో మరణించెను. ఇల్లినాయ్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున డాక్టరు మెక్‌ఫార్లాండ్ పేరిట ప్రభుత్వ మానసిక వైద్యశాల యొకటి చాలకాల ముండెను. 2023లో ఆ పేరు తీసివేసి దానికి ఎలిజబెత్ పాకర్డ్ పేరు పెట్టిరి.