కందనవోలు కడపటి నవాబు గులాం రసూల్ ఖాను

కర్నూలు పట్టణమునంటి తుంగభద్రా తీరమున జొహరాపురమను చోటు కలదు. మన ప్రాంతపు నవాబుల యేలుబడి 1839 అక్టోబరు 18వ తేదీన అచ్చటనే ముగిసినది. ఆనాడు పట్టువడిన గులాం రసూల్ ఖాను కథ చదువరుల కొకింత విన్నవించెదను.

ఈతడు పఠాను వంశజుడు, అలఫ్ ఖాను పుత్రుడు. 1800 సంవత్సరమున నైజాము దత్తమండలములతోపాటు కందనవోలు పేష్కషును సైతము కుంఫిణీవారి కొసగెను. నాటినుండి నవాబు ఏటేట లక్ష రూపాయలు వారికి చెల్లింపవలసివచ్చెను. 1815లో అలఫ్ ఖాను గతింపగా మునవ్వర్ ఖాను నవాబయ్యెను. 1823లో ఆతడును మృతినొందెను. అటుపై రావలసిన సోదరుడు ముజఫర్ ఖాను భార్యను చంపిన నేరమునకు బళ్లారిలో బంధితుడగుటచే, గద్దె గులాం రసూల్ ఖానుకు దక్కెను.

నంద్యాల, సిరివెళ్ల, నందికొట్కూరు, రామళ్లకోట సీమలు ఈతని ఏలుబడిలోనివి. ఆ పాలన ప్రజలకు సుఖప్రదమైనదని చెప్పజాలను. శ్రీశైలయాత్రికులనుండి నవాబు పన్ను గొనుచుండెననియు, ఆలయమును మాత్రము పట్టించుకొనలేదనియు 1830లో ఆ దారిన పోయిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తమ కాశీయాత్ర చరిత్రలో తెలిపియున్నారు. నృసింహక్షేత్రమున వసించు మనకు ఆ మాట నొప్పి కలిగించును. అయినను ఆతనిపై మోపిన నేరము ఇది కాదు.

1831లో బాలాకోటలో సయ్యద్ అహ్మదు మరణించిన పిమ్మట, ఆతని బోధనలు దక్కనునకును ప్రాకినవి. పరదేశపు ప్రభుత్వమును ధర్మయుద్ధమున తరిమివేయవలెనని హైదరాబాదులో రహస్యమంతనములు సాగినవి. నైజాము సోదరుడు ముబారిజుద్దౌలా వానికి నాయకుడని ఎంచి ఆతనిని గోలకొండలో నిర్బంధించిరి. 1854లో ఆతడచ్చటనే కన్నుమూసెను. ఆ కుట్రలో కందనవోలు నవాబునకు సైతము పాలుగలదని కుంఫిణీవారు సైన్యమును పంపిరి. కోట తలుపులు పోరు లేకయే తెరువబడెను. లోపల వెదకగా అంతఃపురపు ఆవరణలలోను, తోటలలోను దాచిన ఫిరంగులు, మందుగుండు లెక్కకు మిక్కిలిగా బయల్పడెను. ఫిరంగులు పోతపోయు కొలిమి సైతము అచ్చటనే యుండెను.

ఇన్ని ఆయుధములు కూర్చినవాడు ఒక్క ఫిరంగినైనను పేల్చక కోటను ఏల విడిచెను? జొహరాపురమున నవాబును చుట్టుకొనియున్న రోహిల్లాలు, అరబ్బులు తమ బాకీ జీతములు ముట్టినగాని ఆతనిని విడువమని భీష్మించిరి. జమాఖర్చులు వ్రాసిన చేతికి ఈ ఘట్టము మిక్కిలి తెలిసినది. కంచు కరగించుటకు ధనము దొరకినది, కొలువుకాండ్రకు నెలజీత మీయ దొరకలేదు! నవాబు తన భటులకే బందీయై యుండెననిన తప్పుకాదు. దొర డైసు సేనతో పైబడెను. జీతముకై అలిగినవారే కత్తి దూసి ప్రాణములకు తెగించి పోరాడిరి. ఇరువైపుల పెక్కుమంది కూలిరి. నవాబు చిక్కెను.

ఆతనిని తిరుచిరాపల్లికి కొనిపోయిరి. రాజ్యము కుంఫిణీ పరమయ్యెను. 1858లో కోవెలకుంట్ల, కంభము, మార్కాపురము, పత్తికొండ తాలూకాలు చేరి కర్నూలు జిల్లా ఏర్పడెను.

బందీగానున్న నవాబు అచ్చటి క్రైస్తవ దేవాలయమునకు పోయి బోధలు వినుచుండెననియు, అది సహింపజాలని స్వమతస్థుడొకడు పొడిచెననియు చెప్పుదురు. స్వమతముకొరకు ఫిరంగులు దాచెనని రాజ్యము గోలుపోయినవాడు, 1840లో ఆ పరాయి ఊరిలో కత్తిపోటున మరణించెను.