యోహాన్ హైన్రిక్ పెస్టాలజీ

యోహాన్ హైన్రిక్ పెస్టాలజీ (జనవరి 12, 1746 - ఫిబ్రవరి 17, 1827) స్విట్జర్లాండుకు చెందిన ప్రముఖ విద్యావేత్త, రచయిత, సంఘ సంస్కర్త. శిశువుకు మొదటి పాఠశాల ఇల్లు అనీ, మొదటి గురువు తల్లి అనీ, అక్షరాలకంటే ముందు వస్తువులను చూసి, తాకి, లెక్కించి నేర్చుకోవాలనీ ఇతడు ప్రతిపాదించాడు. బుద్ధి, హృదయం, చేయి అనే మూడూ సమంగా వికసించడమే విద్య అన్నది ఇతని సిద్ధాంతానికి సారాంశం. ఈ ఆలోచనలు ఇతనికి గ్రంథాల నుండి మాత్రమే వచ్చినవి కావు. సొంత కుమారునికి ఇంటివద్ద చదువు చెప్పబోయి ఎదుర్కొన్న కష్టాలు, వరుసగా మూతపడిన పాఠశాలలు ఇతని పద్ధతిని తీర్చిదిద్దాయి.

బాల్యం, విద్యాభ్యాసం

పెస్టాలజీ 1746 జనవరి 12న జూరిచ్ నగరంలో జన్మించాడు. తండ్రి యోహాన్ బాప్టిస్ట్ శస్త్రవైద్యుడు. 1751లో తండ్రి మరణించేనాటికి ఇతని వయసు 5 సంవత్సరాలు. తల్లి సుసన్నా ముగ్గురు పిల్లలను కొద్దిపాటి ఆదాయంతో పెంచింది. కుటుంబాన్ని విడిచి వెళ్ళనని మరణశయ్యపైనున్న యజమానికి మాట ఇచ్చిన బార్బరా ష్మిడ్ అనే పనిమనిషి ఆ ఇంటికి అండగా నిలిచింది. బట్టలు, చెప్పులు పాడవుతాయని ఆమె పిల్లలను వీధిలోకి ఎక్కువగా వెళ్ళనిచ్చేది కాదు. అందువల్ల తోటి పిల్లలతో కలిసి ఆడుకొనే అవకాశం ఇతనికి తక్కువగా లభించింది. ఇంటిలో ఇద్దరు స్త్రీలు చూపిన త్యాగం మాత్రం ఇతని మనసులో జీవితాంతం నిలిచిపోయింది. తరువాతి రచనలలో తల్లికి ఇతడు ఇచ్చిన స్థానానికి మూలం ఇక్కడే కనిపిస్తుంది.

తాత ఆండ్రియాస్ జూరిచ్ సమీపంలోని హోంగ్ గ్రామంలో మతాచార్యుడు. ఆయనతో కలిసి రోగుల ఇళ్ళకు, పేదల ఇళ్ళకు వెళ్ళడం వల్ల గ్రామీణుల దైన్యం ఇతనికి చిన్నతనంలోనే తెలిసింది. జూరిచ్‌లోని కరోలినమ్ కళాశాలలో చదువుతున్నప్పుడు పండితుడు బోడ్మర్ ప్రభావం ఇతనిపై పడింది. 1762లో వెలువడిన రూసో గ్రంథం "ఎమిల్" ఇతనిని గాఢంగా ఆకర్షించింది. మతాచార్యుడు కావాలన్న కోరికను, ఆ తరువాత న్యాయశాస్త్రాన్ని కూడా విడిచిపెట్టి, వ్యవసాయం నేర్చుకోవడానికి 1767లో కిర్క్‌బెర్గ్‌లోని చిఫెలి వద్దకు వెళ్ళాడు.

న్యూహోఫ్, కుమారుని చదువు

1769లో పెస్టాలజీ తనకంటే వయసులో పెద్దదైన అన్నా షుల్తెస్‌ను వివాహం చేసుకున్నాడు. సంపన్న వర్తక కుటుంబానికి చెందిన ఆమె తల్లిదండ్రులు ఈ వివాహానికి ఇష్టపడలేదు. దంపతులు బిర్ గ్రామం వద్ద భూమి కొని, ఇల్లు కట్టి దానికి న్యూహోఫ్ అని పేరు పెట్టుకున్నారు. ఎరుపు రంగునిచ్చే మంజిష్ఠ పంటపై పెట్టిన పెట్టుబడి ఫలించలేదు.

1770లో వీరికి కుమారుడు జన్మించాడు. రూసోపై గౌరవంతో అతనికి హాన్స్ యాకోబ్ అని పేరు పెట్టారు. ఇంటిలో ముద్దుగా యాకోబ్లీ అని పిలిచేవారు. కుమారుని "ఎమిల్"లో చెప్పిన విధంగానే పెంచాలని పెస్టాలజీ నిశ్చయించుకున్నాడు. 1774 ప్రారంభంలో, బాలునికి మూడున్నర సంవత్సరాల వయసులో, ఆ చదువును గురించి కొన్ని వారాలపాటు దినచర్య వ్రాశాడు. తండ్రి ఒకవైపు ప్రకృతిని చూపించి స్వేచ్ఛగా నేర్పాలని కోరుకుంటూనే, మరొకవైపు అంకెల పేర్లు, లాటిన్ పదాలు పట్టుపట్టి చెప్పించేవాడు. బాలుడు మొండికేసేవాడు. అంకెల పేర్లు గడగడ చెప్పగలిగినా వాటి అర్థం బాలునికి తెలియదని తండ్రి కొద్దిరోజులలోనే గ్రహించి, భావం లేని మాటను ముందుగా నేర్పినందుకు తనను తానే తప్పుపట్టుకున్నాడు. పిల్లవానిని అతిగా ఒత్తిడి చేస్తున్నారని ఇంటి సేవకుడు హెచ్చరించిన సంగతి కూడా ఆ దినచర్యలో ఉంది. పిల్లలకు స్వేచ్ఛ ఎంత అవసరమో విధేయత కూడా అంత అవసరమే అన్న నిర్ణయానికి పెస్టాలజీ అప్పుడే వచ్చాడు. అంటే రూసో మార్గాన్ని యథాతథంగా అనుసరించడం ఒక నిజమైన ఇంటిలో సాధ్యం కాదని అతడు అనుభవంతో తెలుసుకున్నాడు.

ఆ తరువాత అప్పులు, ఇతర వ్యాపకాల వల్ల కుమారుని చదువు క్రమం తప్పింది. పదకొండేళ్ళు దాటినా బాలునికి చదవడం, వ్రాయడం రాలేదు. తరువాత అతనిని వ్యాపారంలో పని నేర్చుకోవడానికి బాసెల్ నగరంలోని మిత్రుని వద్దకు పంపారు. యాకోబ్ మూర్ఛవ్యాధితో బాధపడి, కొంతకాలానికి న్యూహోఫ్‌కు తిరిగివచ్చాడు. 1791లో వివాహం చేసుకున్నాడు. 1801లో, 31వ ఏట మరణించాడు. తల్లులు పిల్లలకు ఎలా బోధించాలన్న విషయంపై పెస్టాలజీ ప్రసిద్ధ గ్రంథం వెలువడినది కూడా ఆ సంవత్సరమే.

పేదపిల్లల పాఠశాల

1774లో పెస్టాలజీ తన ఇంటిలోనే పేదపిల్లలను చేర్చుకొని, నూలు వడకడం, నేత, పొలం పనులు నేర్పుతూ చదువు చెప్పడం ప్రారంభించాడు. పిల్లలు పనిచేస్తూనే పాఠాలు వల్లించేవారు. వారి శ్రమ వలన వచ్చే ఆదాయంతో పాఠశాల నడుస్తుందని అతడు ఆశించాడు. పిల్లల సంఖ్య ముప్పై దాటింది. కొత్తబట్టలు అందగానే కొందరు తల్లిదండ్రులు పిల్లలను తీసుకొని వెళ్ళిపోయేవారు. సరుకు నాణ్యత కూడా అంతంతమాత్రం. అన్నా ఆస్తిలో చాలా భాగం కరిగిపోగా, 1780లో పాఠశాల మూతపడింది.

రచయితగా పేరు

ఈ కష్టకాలంలో బాసెల్‌కు చెందిన ఇసాక్ ఈసెలిన్ ప్రోత్సాహంతో పెస్టాలజీ కలం పట్టాడు. 1781లో వెలువడిన "లీన్‌హార్డ్, గెర్ట్రూడ్" నవల మొదటి భాగం జర్మన్ భాషా ప్రాంతమంతటా పేరు తెచ్చింది. బోనల్ అనే కల్పిత గ్రామంలో తాపీ మేస్త్రీ లీన్‌హార్డ్ తాగుడుకు బానిసై, పానశాల నడిపే గ్రామాధికారికి అప్పుపడతాడు. అతని భార్య గెర్ట్రూడ్ ధైర్యంగా ప్రభువును ఆశ్రయించి న్యాయం పొందుతుంది. ఆమె ఇంటిలో పిల్లలు నూలు వడుకుతూ దారాలు లెక్కపెడతారు. గదిలో అడుగులు, కిటికీ అద్దాలు లెక్కించి గణితం నేర్చుకుంటారు. పనికి వేరుగా, చదువుకు వేరుగా సమయం ఉండదు. తరువాతి భాగాలలో ఆ గ్రామ ఉపాధ్యాయుడు గెర్ట్రూడ్ ఇంటిని చూసి, అదే నమూనాలో బడిని నడుపుతాడు. ఇల్లు బడిని అనుకరించరాదు, బడియే ఇంటిని అనుకరించాలి అన్న పెస్టాలజీ భావన ఈ కథలో స్పష్టమవుతుంది.

1792లో ఫ్రాన్సు జాతీయ శాసనసభ ఇతనికి గౌరవ పౌరసత్వం ఇచ్చింది.

స్టాన్స్ అనాథాశ్రమం

1798 సెప్టెంబరులో ఫ్రెంచి సైన్యం నిడ్వాల్డెన్ ప్రాంతంలో జరిపిన మారణకాండలో ఎందరో పిల్లలు అనాథలయ్యారు. వారి సంరక్షణకు స్టాన్స్ పట్టణంలో మహిళా మఠానికి చెందిన ఒక భవనంలో ప్రభుత్వం ఆశ్రమం ఏర్పాటుచేసి పెస్టాలజీని పంపింది. అప్పుడు అతని వయసు 52 సంవత్సరాలు. సుమారు 80 మంది పిల్లలు చేరారు. చాలామంది రోగాలతో, చిరుగు బట్టలతో, భయంతో వచ్చినవారు. ఒక్క వంటమనిషి తప్ప సహాయకులు లేరు. పెస్టాలజీ రాత్రింబవళ్ళు వారితోనే ఉండి, వారికి తల్లి, తండ్రి, గురువు తానే అయ్యాడు. పెద్ద పిల్లల చేత చిన్నపిల్లలకు చెప్పించే పద్ధతిని అక్కడ ప్రయోగించాడు. ప్రొటెస్టంటు మతస్థుడు కావడం వల్ల కాథలిక్కులైన స్థానికులు అతనిని అనుమానంగా చూశారు. 1799 జూన్‌లో ఫ్రెంచి సైన్యానికి ఆసుపత్రి అవసరమై భవనాన్ని తీసుకోవడంతో ఈ ప్రయత్నం కూడా కొన్ని నెలలకే ముగిసింది.

బుర్గ్‌డోర్ఫ్

అదే సంవత్సరం పెస్టాలజీ బుర్గ్‌డోర్ఫ్ పట్టణంలో ఒక చెప్పులు కుట్టే వృత్తివాని బడిలో బోధించడానికి అనుమతి పొందాడు. ఆ కాలపు బడులలో మతసూత్రాలు కంఠస్థం చేయించడమే చదువు. ఆ పుస్తకం ముట్టుకోకుండా పాఠం చెబుతున్నాడని ఫిర్యాదు రావడంతో ఇతనిని పసిపిల్లలకు అక్షరాలు నేర్పే మరొక బడికి మార్చారు. 1800లో పరీక్షించిన పాఠశాల సంఘం పిల్లల ప్రగతిని మెచ్చుకుంది. ఆ తరువాత పట్టణపు కోటలో సొంత విద్యాలయం ప్రారంభమైంది. హెర్మన్ క్రూసి మొదలైనవారు సహాయకులుగా చేరారు.

1801లో "గెర్ట్రూడ్ తన పిల్లలకు ఎలా బోధిస్తుంది" అన్న గ్రంథం వెలువడింది. ఇది మిత్రుడు గెస్నర్‌కు వ్రాసిన 14 లేఖల సంపుటి. పేరు తల్లిని సూచించినా, ఇందులో ఎక్కువ భాగం ఇతని అనుభవాలు, బోధనా సిద్ధాంతాల వివరణయే.

బోధనా పద్ధతి

పెస్టాలజీ పద్ధతికి పునాది ప్రత్యక్షానుభవం. ఇంద్రియాల ద్వారా శిశువు పొందిన అనుభవం స్పష్టమైన భావంగా మారిన తరువాతనే దానికి మాట, ఆ తరువాత అక్షరం రావాలి. ప్రాథమిక విద్యను ఇతడు మూడు అంశాలుగా విభజించాడు.

సంఖ్య: పిల్లలు ముందుగా బఠాణీ గింజలు, గులకరాళ్ళు వంటివాటిని లెక్కిస్తారు. వస్తువులు మారినా సంఖ్య మారదని గ్రహించిన తరువాతనే అంకెలు నేర్చుకుంటారు.

ఆకారం: గీతలు, కోణాలు, వక్రాలు చూసి, కొలిచి, పలకపై గీస్తారు. ఈ చేతి అలవాటు తరువాత వ్రాతకు ఉపయోగపడుతుంది.

భాష: ముందుగా ధ్వనులు వినడం, పలకడం, తరువాత వస్తువుల పేర్లు, వాటి గుణాలు చెప్పడం. చదవడం చివరి మెట్టు.

తెలిసినదాని నుండి తెలియనిదానికి, దగ్గరిదాని నుండి దూరపుదానికి, సులభం నుండి కఠినానికి వెళ్ళడం, ఒక మెట్టు గట్టిపడనిదే మరొక మెట్టు ఎక్కకపోవడం ఇందులో ముఖ్య నియమాలు. వీటికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. చదువుకోని తల్లి సైతం ఇంటిలో ఉన్న వస్తువులతోనే పాఠం చెప్పగలగాలన్నది ఇతని కోరిక. 1818-19 సంవత్సరాలలో ఆంగ్లేయుడు గ్రీవ్స్‌కు వ్రాసిన లేఖలలో శిశువిద్య ఊయలలోనే మొదలవుతుందని, తల్లి ప్రేమ, శిశువు నమ్మకం నైతిక విద్యకు ఆధారమని వివరించాడు. ఆ లేఖలు 1827లో లండన్‌లో ప్రచురితమయ్యాయి.

ఇవెర్డన్

1804లో బుర్గ్‌డోర్ఫ్ కోటను ఖాళీ చేయవలసి రావడంతో, విద్యాలయం కొంతకాలం ముంకెన్‌బుక్సేలో ఉండి, 1805లో ఇవెర్డన్ కోటకు చేరింది. ఇరవై సంవత్సరాలు నడిచిన ఈ విద్యాలయంలో ఒక దశలో వివిధ దేశాలకు చెందిన 150కి పైగా విద్యార్థులు ఉండేవారు. భూగోళ పాఠం కోసం పిల్లలను సమీపంలోని లోయకు తీసుకువెళ్ళి చూపించి, తిరిగివచ్చిన తరువాత ఆ లోయ నమూనాను బంకమట్టితో చేయించేవారు. ఆ తరువాతనే పటం చూపేవారు. 1806లో బాలికలకు ప్రత్యేక విద్యాలయం ఏర్పడింది. ప్రష్యా ప్రభుత్వం 1808 నుండి యువ ఉపాధ్యాయులను శిక్షణకై ఇక్కడికి పంపింది. ఫ్రోబెల్ 1808 నుండి 1810 వరకు ఇక్కడ ఉన్నాడు. రాబర్ట్ ఓవెన్ 1818లో సందర్శించాడు.

చివరి సంవత్సరాలు

పెస్టాలజీకి నిర్వహణా సామర్థ్యం తక్కువ. ముఖ్య సహాయకులు నీడరర్, ష్మిడ్‌ల మధ్య తగాదాలు విద్యాలయాన్ని బలహీనపరిచాయి. 1815లో భార్య అన్నా మరణించింది. 1825లో ఇవెర్డన్ విద్యాలయం మూతపడగా, అతడు 79వ ఏట న్యూహోఫ్‌కు తిరిగివచ్చాడు. 1826లో తన చివరి ముఖ్య రచన "హంసగీతం" ప్రచురించాడు. 1827 ఫిబ్రవరి 17న బ్రుగ్ పట్టణంలో మరణించాడు. బిర్ గ్రామంలో ఖననం చేశారు. శతజయంతి సందర్భంగా 1846లో అక్కడి పాఠశాల భవనం వద్ద స్మారకం నిర్మించారు.

విమర్శలు

కంఠస్థాన్ని వ్యతిరేకించిన ఇతని పద్ధతిలోనే కొంత యాంత్రికత చోటుచేసుకుందని విమర్శకులు చెబుతారు. 1803లో ఇతని పేరుతో వెలువడిన "తల్లుల పుస్తకం"లో ఎక్కువ భాగం క్రూసి వ్రాసినది. అందులో శరీర భాగాలను వరుసగా పేర్కొంటూ, వర్ణిస్తూ చేసే సుదీర్ఘ అభ్యాసాలు ఉన్నాయి. ఏ తల్లీ శిశువుతో ఆ విధంగా మాట్లాడదన్నది వచ్చిన ఆక్షేపణ. చార్లెస్ మేయో, ఆయన సోదరి ఎలిజబెత్ ఇంగ్లాండులో ప్రచారం చేసిన వస్తుపాఠాలకు కూడా క్రమంగా ఇదే గతి పట్టింది. వస్తువును బల్లపై ఉంచి, దాని గుణాల పేర్లను పిల్లలచేత వల్లింపజేయడం ఆనవాయితీ అయింది. న్యూహోఫ్‌లో మూడేళ్ళ కుమారుడు అంకెల పేర్లు వల్లించినప్పుడు పెస్టాలజీ గుర్తించిన లోపం కూడా ఇదే.

ప్రభావం

ఫ్రోబెల్ పసిపిల్లల కోసం తాను స్థాపించిన సంస్థకు 1840లో కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. ఆట, చేతిపని, పరిశీలనలకు అందులో ఇచ్చిన ప్రాధాన్యంలో పెస్టాలజీ ప్రభావం ఉంది. జోసెఫ్ నీఫ్ 1809లో అమెరికాలోని ఫిలడెల్ఫియా వద్ద ఈ పద్ధతిలో పాఠశాల ప్రారంభించాడు. వస్తుపాఠాలు 19వ శతాబ్దం చివరికి భారతదేశంలోని పాఠశాలలకు కూడా చేరాయి. తెలుగులో ఉపాధ్యాయ శిక్షణ విద్యార్థులు రూసో, ఫ్రోబెల్, మాంటిస్సోరిలతో పాటు పెస్టాలజీని గురించి చదువుకుంటారు. బడికి వెళ్ళే వయసుకు ముందే ఇంటిలో గింజలతో లెక్కలు, బొమ్మలతో ఆకారాలు, కబుర్లతో భాష నేర్పే తల్లిదండ్రులు ఇతని సిద్ధాంతాన్ని తెలియకుండానే ఆచరిస్తున్నారని చెప్పవచ్చు.

ముఖ్య రచనలు

ఏకాంతవాసి సాయంసమయం (1780)
లీన్‌హార్డ్, గెర్ట్రూడ్ (నాలుగు భాగాలు, 1781-1787)
మానవజాతి వికాసంలో ప్రకృతి గమనంపై నా పరిశోధనలు (1797)
గెర్ట్రూడ్ తన పిల్లలకు ఎలా బోధిస్తుంది (1801)
హంసగీతం (1826)